ఒకచోట బిగువు, ఒకచోట వదులు

బండి చైను బాగుందా, పోయిందా? ఒక్క ముక్కలో చెప్పండి. ఆ సెప్టెంబరు నెలంతా కనిపించిన ప్రతి మనిషినీ నేను అడిగింది ఇదే. ఒక్కరైనా ఒక్క ముక్కలో చెప్పి చావలేదు.

అది పందొమ్మిదివందల తొంభైతొమ్మిది. సిడ్నీలో ఏ ఆఫీసు చూసినా రాబోయే జనవరి ఒకటో తారీఖును తలుచుకుని వణుకుతోంది. కంప్యూటర్లకు సంవత్సరంలో చివరి రెండంకెలే తెలుసట. సున్నా సున్నా రాగానే అవి వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయట. వాటికి బుద్ధి చెప్పడానికి నంద్యాల నుంచి మా ఆయన మహబూబ్ పాషాను పిలిపించారు. ఆయన వెనకే నేను వచ్చాను. నా పేరు మసూదా. ఆదోనిలో పుట్టి, కర్నూల్లో మెడిసిన్ చదివి, ఎన్ని కాన్పులు చేశానో లెక్క కూడా పెట్టుకోని డాక్టర్ని. సిడ్నీలో విమానం దిగిన రోజు నుంచి మాత్రం ఎవరికీ ఏమీ కాను. ఇక్కడివాళ్ళు పెట్టే పరీక్షలు పాసైతే తప్ప జ్వరానికి మాత్ర కూడా రాసివ్వకూడదు.

రాత పరీక్ష గట్టెక్కాను. మిగిలింది రోగుల్ని ముందు కూర్చోబెట్టి చేయించే పరీక్ష. ఒకసారి తప్పాను. అక్టోబరులో ఒక శనివారం రెండోసారి రమ్మన్నారు. ఈసారి పోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో పిలిచేవాళ్ళకే తెలియదు. జనవరి దాటితే మా ఆయన చేసే పనితో ఎవరికీ పనుండదు, కాంట్రాక్టుతో పాటు వీసా కూడా పోతుంది. నేను పాసై ఏదో ఒక ఆసుపత్రిలో చేరితే ఇక్కడ ఉంటాం, లేకపోతే పెట్టే బేడా సర్దుకుంటాం. పైకి అనకపోయినా ఇంట్లో ఇద్దరం ఆ శనివారం మీదే బతుకుతున్నాం.

మధ్యలో ఈ బండి ఒకటి.

మేముండేది హారిస్ పార్కులో, ఒక లెబనీస్ రొట్టెల కొట్టు పైన. మా ఆయన ఆఫీసు నార్త్ రైడ్‌లో. అక్కడికి రైలు లేదు, బస్సులు మారి మారి వెళ్ళేసరికి ఉన్న ఓపిక కాస్తా పోతుంది. అందుకని ఒక పాత జపాన్ బండి కొన్నాడు. మా వైపు బండ్లకు చైను చుట్టూ రేకు డబ్బా ఉంటుంది, చీర చక్రంలో పడకుండా జాలీ ఉంటుంది, ఆడవాళ్ళం పక్కకు తిరిగి దర్జాగా కూర్చుంటాం. ఇక్కడ అలా కూర్చుంటే పోలీసులు ఊరుకోరు. అటొక కాలు ఇటొక కాలు వేసి, దుపట్టా నడుముకు బిగించి, నెత్తిన బానంత హెల్మెట్టు పెట్టుకోవాలి. ఈ బండికి రేకు డబ్బా కూడా లేదు. చైను గుడ్డలు విప్పుకుని బయటే తిరుగుతుంటుంది. దాన్ని చూసిన మొదటి రోజే నాకు నచ్చలేదు.

ఆదివారాలు ఆ బండి మీదే క్వేకర్స్ హిల్ వెళ్ళేవాళ్ళం. అక్కడ ద్వారకానాథ్ అంకుల్ ఉంటారు. బందరు నుంచి ఎప్పుడో డెబ్బైల్లోనే వచ్చి స్థిరపడ్డ డాక్టరు. నన్ను పరీక్షకు తయారు చేస్తానని ఆయనే మాటిచ్చారు. ఆయన సోఫాలో పడుకుని రోగిలా మూలుగుతారు, నేను ప్రశ్నలడిగి జబ్బు పట్టుకోవాలి. మధ్యమధ్య సీతాదేవి ఆంటీ పెసరట్లు పెట్టేది. మంచి మనుషులే. కాకపోతే అంకుల్‌కి ఒక అలవాటుంది, వచ్చినవాళ్ళందరి ముందూ "మసూదాకి ఇది సెకండ్ అటెంప్టు" అని పరిచయం చేసేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం అలా వెళ్తుంటే నా ఎడమ పాదం కింద ఎవరో తన్నినట్టయింది. వెంటనే టకటకమని చప్పుడు.

"అజీ, చైను కొట్టుకుంటాంది" అని ఆయన వీపు మీద తట్టాను.

"గాలి శబ్దంలే."

"గాలి యాడన్నా ఇనుము మాదిరి మోగుతుందా? ఆపండి ముందు."

ఆపాడు. ఆపి, తన పూజ మొదలుపెట్టాడు. పూజ అనే అనాలి దాన్ని. బండికి స్టాండు వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, చైను రెండు కొసలనూ కలిపే లాకు కిందికి వచ్చేదాకా చూసి, సరిగ్గా ఆ లాకు దగ్గర వేలు పెట్టి చైను పైకి ఎత్తాడు. అది కొంచెమే లేచింది.

"చూడు. టైటుగా ఉండాది. వదులైతే కదా కొట్టుకునేది?"

ఇది నంద్యాల పద్ధతి. అక్కడి రేకు డబ్బాకు కింద రబ్బరు మూత ఉన్న చిన్న కంత ఒకటుంటుంది. డబ్బా విప్పకుండా చైను చూడాలంటే అదొక్కటే దారి. లాకును ఆ కంత దగ్గరికి తెచ్చి చూస్తే లాకు సరిగ్గా ఉందా లేదా, చైను బిగువుగా ఉందా లేదా, రెండూ ఒకే దెబ్బకు తెలుస్తాయని వాళ్ళ మెకానిక్ నేర్పాడట. వదులైతే బిగించాలి. బిగించడానికి ఇక చోటు లేకపోతే ఒక లింకు కోసేసి మళ్ళీ కలపాలి. ఊళ్ళో అందరూ చేసేది అదే. మా ఆయన సిడ్నీలో కూడా చలికాలంలో ఒక లింకు కోసేశాడు. కోసినరోజు పండగ చేసుకున్నాడు, చైను కొత్తదైపోయిందని. ఇక్కడ డబ్బా లేదు, కంత లేదు, చైనంతా కళ్ళెదుట వేలాడుతోంది, అయినా ఆయన వేలు మాత్రం లాకు దగ్గరికే పోతుంది.

నాకు అర్థం కాలేదు. చప్పుడు నా చెవులతో విన్నాను. బిగువు నా కళ్ళతో చూశాను. రెండూ నిజమెలా అవుతాయి? ఆ రోజు అంకుల్ సోఫాలో పడుకుని గుండెనొప్పి నటిస్తుంటే నేను చైను గురించే ఆలోచిస్తూ ఆయనకు గ్యాసు అని చెప్పాను.

"చచ్చిపోయేవాణ్ణమ్మా నీ చేతుల్లో! ఏమయింది నీకివాళ?" అని ఆయన లేచి కూర్చున్నారు.

విషయం చెప్పాను. అంకుల్ క్షణం కూడా ఆలోచించలేదు. "బండి నడుస్తోందా? నడుస్తున్నంతకాలం దాని జోలికి వెళ్ళకూడదు. మా సర్జన్లు చేసేదదే, బాగున్నవాణ్ణి కోసి పాడుచేస్తారు."

"మీరూరుకోండి. చప్పుడొచ్చిందంటే తీసి పారేయడమే. మన మిక్సీ ఏమయింది? చప్పుడు చేసి చేసి చివరికి పొగలొచ్చిందా లేదా?" అంది ఆంటీ వంటింట్లోంచి.

"మిక్సీకి చైనుంటుందా?" అన్నారు అంకుల్. వాళ్ళిద్దరూ మిక్సీ మీద పోట్లాటకు దిగారు. మా చైను అక్కడే ఆగిపోయింది.

మా ఆయన ఆఫీసులో రామానుజం అని చిత్తూరు వైపు అబ్బాయి పనిచేసేవాడు. ఆ వారం బిర్యానీకి వచ్చాడు. దేనికైనా రూలు ఉండాలనే రకం.

"చూడండి సిస్టర్, ఇందులో కన్ఫ్యూజనే లేదు. చైనుకి ఒక లైఫుంటుంది. ట్వెంటీ థౌజండ్ కిలోమీటర్లు. మీటర్ చూస్తాం, ట్వెంటీ దాటితే మార్చేస్తాం. అంతే" అన్నాడు.

అబ్బ, ఒక్క ముక్కలో చెప్పే మనిషి దొరికాడని నేను ఎంత సంతోషపడ్డానో! ముగ్గురం కిందికి దిగి మీటరు చూశాం. నాలుగు వేల చిల్లర.

"ఇంకేం, ఇంకా పదహారు వేలుంది" అన్నాడు రామానుజం.

"నేను చెప్తానే ఉండా" అన్నాడు మా ఆయన.

నేను మీటరు వైపే చూస్తున్నాను. అందులో ఉన్నది అయిదు గళ్ళే. "అవునుగానీ, ఈ బండి ఎన్నేళ్ళది?" అని అడిగాను.

"పదేళ్ళ పైమాటే."

"పదేళ్ళల్లో నాలుగు వేలేనా తిరిగింది? తొంభైతొమ్మిది వేలు దాటినాక ఈ మీటరు ఏం చూపిస్తుంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున లేచింది మొదలు సున్నా సున్నా వస్తే ఏమవుతుందని వెతికి వెతికి సరిచేసే మహానుభావులు. ఇంటి కింద నిలబడ్డ బండిలో అదే గొడవ ఉందని ఒక్కరికీ తట్టలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సీటు చూడు, ఎంత కొత్తగా ఉండాదో. లక్ష తిరిగిన బండి సీటు అట్లుంటుందా?" అన్నాడు మా ఆయన.

"కవరు మార్చుంటారు."

"నీకు ప్రతిదీ అనుమానమే. పరీక్ష దగ్గరికొచ్చింది, పోయి చదువుకో."

చదువుకోవడానికే పుస్తకం ముందేసుకునేదాన్ని. పేజీ తిప్పితే టకటక. కళ్ళు మూసుకుంటే టకటక. అసలు ఆ చప్పుడు నిజంగా వస్తోందా, పరీక్ష భయం నా బుర్రలో చేరి కొట్టుకుంటోందా అని నామీద నాకే అనుమానం పుట్టింది. ఆయన ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి, లాకు దగ్గర వేలు పెట్టి, "టైటుగా ఉండాది" అని ప్రకటించి మెట్లెక్కేవాడు. ఆ మాట వింటే చాలు, నాకు పళ్ళు కొరకాలనిపించేది.

పరీక్ష ఆ శనివారమనగా, గురువారం సాయంత్రం నేనే కిందికి దిగాను. చైను కింద వేలు పెట్టి ఎత్తాను. ఎత్తిన కొద్దీ లేచింది. పాత మంచం నులక లాగ జారిపోయి ఉంది. "అజీ! దిగండి కిందికి!" అని వీధి వీధంతా వినపడేలా కేకేశాను.

దిగాడు. చక్రం తిప్పాడు, లాకు కిందికి తెచ్చాడు, వేలు పెట్టాడు. "టైటుగా ఉండాది."

"ఇప్పుడే నేను చూస్తిని కదా, వదులుగా ఉండాది!"

"నువ్వే చూడు."

చూశాను. బిగువుగా ఉంది. నాకు మతి పోయింది. ఇప్పుడే నా వేలితో ఎత్తాను. నాకేమైనా పిచ్చా? ఆయన జాలిగా నా తల మీద చెయ్యి వేశాడు. అదే ఆయన చేసిన తప్పు. జాలి చూపిస్తే నాకు కోపం నషాళానికి అంటుతుంది.

"తియ్ చెయ్యి!" అన్నాను. మామూలుగా మా ఆయనను మీరు అనే పిలుస్తాను, కోపమొస్తే మీరు కాస్తా నువ్వు అయిపోతుంది. "పక్కకు జరుగు. కడుపునొప్పి అని వచ్చినోళ్ళకు ఒక్కచోటే నొక్కి పంపిస్తామా? నాలుగు పక్కలా నొక్కి చూస్తాం."

చైను కింద వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పాను. బిగువు. కొంచెం తిప్పాను. వదులు. ఇంకొంచెం. బాగా వదులు. మళ్ళీ బిగువు. చైను ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఇద్దరికీ అర్థమైంది. లాకు దగ్గర బిగువు, మిగతా చోట వదులు. చైను అన్నిచోట్లా ఒకేలా అరగలేదు. ఆయన చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. రెండూ నిజం కావడమే దాని జబ్బు. వదులును చూసి బిగిస్తే బిగువు చోట తెగేట్టు లాగుతుంది, బిగువును చూసి వదిలేస్తే వదులు చోట చక్రం పళ్ళ మీంచి ఎగురుతుంది. లింకు కోస్తే పొడుగు తగ్గుతుందిగానీ అరిగిన అరుగు ఎక్కడికి పోతుంది?

గెలిచినందుకు నేను గంతులు వేయాలి. వేయలేదు. మా ఆయన చక్రాన్ని తనే పట్టుకుని మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఆయన మొహం చూస్తే నాకు భయమేసింది.

"ఇన్నాళ్ళూ నిన్ను దీని మీదనేనా తిప్పింది?" అన్నాడు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ బండ్ల షాపుకు వెళ్ళాడు. చైనుతో పాటు ముందూ వెనకా పళ్ళ చక్రాలు కూడా మార్చాలన్నారు. ఇంత పాత మోడలుకు తెప్పించాలి, మంగళవారం గాని రావన్నారు. అప్పటిదాకా నడపొచ్చా అని ఈయన అడిగితే, షాపాయన భుజాలెగరేసి, "రేపే తెగొచ్చు మేట్, వచ్చే ఏడాది దాకా పోవచ్చు, ఎవడికి తెలుసు" అన్నాడట. తెగితే ఏమవుతుందని అడిగితే, రోడ్డు మీద జారి పడిపోతే నీ అదృష్టం, వెనక చక్రానికి చుట్టుకుంటే మాత్రం బండి అక్కడికక్కడ పట్టేస్తుంది అన్నాడట. అమ్మేవాడికి కూడా తెలియకపోతే ఇక తెలిసేదెవరికి? మా ఆయన బండిని ఇంటి వెనక పెట్టి, "రేపు రైల్లో పోదాం" అన్నాడు. నేను సరేనన్నాను. అంకుల్ కారులో దింపుతానని అంతకు ముందే అన్నారు. దారంతా సెకండ్ అటెంప్టు మాట వినలేనని నేనే వద్దన్నాను.

శనివారం పొద్దున హారిస్ పార్కు స్టేషనుకు వెళితే గేటుకు బోర్డు కట్టి ఉంది. పట్టాల మరమ్మతు, శని ఆదివారాలు రైళ్ళు లేవు, బదులు బస్సులు. ఆ బోర్డు వారం నుంచీ ఉందట. ఆయన బండి మీద తిరిగేవాడు, నేను ఇంట్లో పుస్తకం ముందు కూర్చునేదాన్ని. ఇద్దరిలో ఎవరం చూస్తాం? పరీక్ష ర్యాండ్విక్‌లో, నగరం దాటి సముద్రం వైపు. ఈ బస్సు ప్రతి స్టేషనూ తిరిగి తిరిగి ఎప్పటికి చేరుస్తుంది?

"ఇంటికి పోదాం. బండి తీయండి" అన్నాను.

"లేదు."

"ఏంది లేదు? బండి మీదైతే టయానికి పోతాం."

"దాని మీద నిన్ను ఎక్కించుకోను."

నేను నమ్మలేకపోయాను. "నెల్నాళ్ళ సంది టైటుగా ఉండాది టైటుగా ఉండాది అని చెవిలో పోరు పెట్టింది ఎవరు?"

"నేనే."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

"చూసినా కదా మసూదా. నీ చేత్తోనే కదా చూపిస్తివి."

"షాపాయన ఏడాది దాకా పోవచ్చు అన్లేదా? ఒక్కరోజు! ఒక్క పొద్దు! మెల్లగ పోదాం, నీకు దండం పెడతా. నా బతుకు ఇది, నా చదువు ఇది. ఇది పోతే నేనేం చెయ్యాల?"

బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఆయన ఎక్కమంటాడు, నేను బండి తియ్యమంటాను. ఆయన నా చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. బస్సు తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది.

"పరీక్ష మళ్ళా వస్తుంది. నిన్ను మళ్ళా యాడి నుంచి తెచ్చుకునేది?" అన్నాడు. అంతమందిలో, తలదించుకుని. ఎవరైనా వింటే కరిగిపోయే మాట. ఆ పొద్దు అది నా చెవికి పిరికి మాటలా వినిపించింది.

ట్యాక్సీల కోసం పారమట్టా దాకా పరిగెత్తాం. రైళ్ళు లేని రోజు, అక్కడ అప్పటికే జనం బారులు తీరి ఉన్నారు. అంకుల్ ఇంటికి ఫోన్ చేస్తే ఆయన గోల్ఫుకు వెళ్ళారని ఆంటీ చెప్పింది. ఎట్టకేలకు ట్యాక్సీ దొరికింది. ప్రతి సిగ్నలు దగ్గరా ఆగుతూ వెళ్ళింది. ఆసుపత్రి వరండాలో నేను పరిగెత్తుతుంటే, ఆ చివర తలుపు దగ్గర ఒక పెద్దావిడ నన్ను చూసి ముందే తల అడ్డంగా ఊపింది.

"అయాం సో సారీ, లవ్. అందరూ లోపలికి వెళ్ళిపోయారు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకెవరైనా అయితే పోట్లాడేదాన్ని. ఆవిడతో పోట్లాడలేకపోయాను. తలుపు వెనక గంట మోగింది, అభ్యర్థులు ఒక రోగి నుంచి ఇంకో రోగి దగ్గరికి మారుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. నేను బెంచీ మీద కూలబడ్డాను. మా ఆయన నా స్టెతస్కోపు సంచి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమని నేను అనలేదు.

ఇంటికొచ్చాక నా నోరు లేచింది. ఆ చైను నిక్షేపంగా ఉందన్నాను. రేపే తెగుతుందని ఎవడన్నాడన్నాను. బస్సు పోయింది నీవల్లే అన్నాను. నేను చెయ్యి విదిలించుకోకపోతే బస్సయినా దొరికేదేమో అని నా మనసులో ఒక మూల తెలుస్తూనే ఉంది, అయినా అన్నాను. "నువ్వు పిరికోడివి. నా పరీక్ష నీ భయం తినేసింది" అన్నాను. ఆయన అన్నం కూడా ముట్టలేదు.

ఆదివారం పొద్దున నేను ఇంకా దుప్పటి కప్పుకునే ఉన్నాను. తలుపు దగ్గర ఆయన గొంతు వినిపించింది.

"పోయొస్తా. తేల్చుకోని వస్తా."

"ఏం తేల్చుకుంటారు?"

"ర్యాండ్విక్ దాకా పోయి, వచ్చేస్తా. దాని మీదనే. తెగితే నాది కరెక్టు. తెగకపోతే నీది."

మాట బుర్రకెక్కేసరికి ఆయన మెట్లు దిగేశాడు. లేచి, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. నేను వీధిలోకి వచ్చేటప్పటికి బండి మలుపు తిరుగుతోంది. టకటకమంటూ పోయింది. "అజీ!" అని అరిచాను. హెల్మెట్లో ఏం వినపడుతుంది?

రొట్టెల కొట్టు మెట్టు మీద కూర్చున్నాను. కొట్టాయన ఏమైందని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక, భర్త ఆసుపత్రికి వెళ్ళాడన్నాను. అయ్యో అని లోపల్నుంచి వేడి రొట్టె తెచ్చి పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది.

ముందు ఆయన్ని తిట్టుకున్నాను. నిన్న నాకోసం తియ్యని బండి ఇవాళ దేనికి తీశాడు? నేనన్న మాటకు. నిన్ను పిరికివాడంటే నువ్వు చచ్చి చూపిస్తావా? తిట్లు అయిపోయాక భయం పట్టుకుంది. దూరంగా అంబులెన్సు కూత వినిపిస్తే లేచి నిలబడ్డాను. అది ఎటో పోయింది.

తర్వాత దువా చేద్దామని చేతులెత్తాను. ఎత్తి, ఏమడగాలో తెలియక అలాగే ఉండిపోయాను. చైను తెగితే మా ఆయన నిన్న చేసిందే కరెక్టు. నా పరీక్ష ఒక ప్రాణానికి బదులు పోయిందని సర్దుకోవచ్చు, ఎవరడిగినా చెప్పుకోవచ్చు. తెగకపోతే అది ఊరికే పోయినట్టు. ఇన్నేళ్ళ చదువు, ఆ ఆదివారాలన్నీ, జనవరి తర్వాత మా బతుకు, అన్నీ ఒక భయానికి, ఒక పోట్లాటకు పోయినట్టు. నిన్నటి రోజుకు ఏదో ఒక అర్థం ఉండాలంటే ఆ చైను తెగాలి. తెగే చోట నా మొగుడున్నాడు.

తెగొద్దు అని అడిగాను. యా అల్లా, తప్పు నాదే అవనీ, నా పరీక్ష మట్టిలో కలవనీ, ఆ చైను మాత్రం తెగొద్దు. ఎన్నిసార్లు అడిగానో, ఏ భాషలో అడిగానో నాకే తెలియదు.

ఎండ కొట్టు మెట్ల మీదికి వచ్చాక చప్పుడు వినిపించింది. నెల రోజులు నా నిద్ర చెడగొట్టిన ఆ టకటక. బండి వచ్చి ఆగింది. ఆయన దిగాడు. హెల్మెట్టు తీస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పోయొచ్చినా" అన్నాడు. "ఒక్క తూరి కూడా ఎగరలేదు మసూదా. వాళ్ళ గేటు దాకా పోయినా. నిన్న పోయింటే టయానికి ముందే పోయిండేవాళ్ళం." హెల్మెట్టును సీటు మీద పెట్టాడు. "నీ పరీక్ష నేనే చెడగొట్టినా."

ఆ చైను తెగకూడదనే పొద్దున్నుంచీ చేతులెత్తి అడిగింది నేను. అడిగింది అడిగినట్టు దొరికింది. ముందు ఆయన భుజం మీద కొట్టాను, తర్వాత వీపు మీద కొట్టాను, తర్వాత చొక్కా పట్టుకుని ఏడ్చాను. పోయిన పరీక్ష కోసమా, వచ్చిన మొగుడి కోసమా అని అడిగితే అప్పుడు చెప్పలేను. కొట్టాయన గుమ్మంలోంచి ఒకసారి మమ్మల్ని చూసి, నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయాడు.